సాఫ్ట్‌వేరు నిర్మాణము: జలపాత మార్గమా, ఎజైలు మార్గమా?



నేడు మన తెలుగునాట సాఫ్ట్‌వేరు పని చేయువారు లేని వీథి యరుదు. ఏ యింట జూచినను కుమారుడో, కుమార్తెయో, కోడలో, అల్లుడో హైదరాబాదునందో, బెంగుళూరునందో, అమెరికాయందో ఆ వృత్తిచే జీవించుచుందురు. “స్ప్రింటు” అనియు, “స్టాండప్పు” అనియు, “రిక్వైర్‌మెంట్లు” అనియు వారాడు మాటలు దినదినమును మన చెవిని బడుచున్నవి. వారు భోజనమునకు లేచు వేళయు, నిద్రించు వేళయు, పండుగకు సెలవు దొరకుటయు ఈ మాటలనుబట్టియే నిర్ణయమగుచున్నవి. ఇంటి వేళలను శాసించు మాటల యర్థ మెఱుగకుండుట గృహిణులకు తగదు. అదియుగాక, పాఠశాలలును, పొదుపు సంఘములును, చిన్న వైద్యశాలలును తమ లెక్కలకొఱకు సాఫ్ట్‌వేరు చేయించుకొనుచున్న కాలమిది. ఆ సంఘములలో మనమును సభ్యురాండ్రము. పని యేరీతి చేయింపవలయునో తెలియక ఒడంబడికపై చేవ్రాలు చేసినచో నష్టపోవునది మన సొమ్మే. కావున ఆ వృత్తియందు చిరకాలముగ వాదమునకు హేతువైన రెండు మార్గములనుగూర్చి యిచ్చట కొంత విచారింతము.

వంటయింటి న్యాయము

ఈ భేదము మనకు క్రొత్తది కాదు. ఆవకాయ పెట్టు దినమున మన మేమి చేయుదుము? కాయలెన్ని, ఆవపిండి యెంత, కారమెంత, ఉప్పెంత, నూనె యెంత యను కొలతలను ముందుగనే నిర్ణయించుకొందుము. ముక్కలను తడిలేకుండ తుడుచుట, పిండి కలుపుట, జాడీ కెత్తుట యను పనులు ఒకదాని వెనుక నొకటి వరుస దప్పక జరుగవలయును. మూడవనాడు తిరుగగలుపునప్పుడు ఉప్పు చాలకున్న చేర్చవచ్చునుగాని, అటుపిమ్మట చేయదగినది స్వల్పము. మంచియో చెడుగో ఏడాదిపాటు దానినే భుజింపవలయును.

పులుసు కాచునప్పటి తీరు వేఱు. చింతపండు పులుపు ఒకనాటివలె నొకనాడుండదు. ముక్కల రుచియు నట్టిదే. కావున కొంచెము కాగిన పిమ్మట చవిచూచి, ఉప్పో బెల్లమో చేర్చి, మఱల చవిచూతుము. అచ్చట కొలతలకంటె చవిచూచు నాలుక ప్రధానము.

ఈ రెంటిలో ఏది గొప్ప యని యడుగుట వ్యర్థము. పులుసువలె ఆవకాయను పెట్టినచో బూజుపట్టును. ఆవకాయవలె పులుసును కాచినచో నోటబెట్టరాదు. సాఫ్ట్‌వేరు నిర్మాతల వాదమంతయు నించుమించుగ నిదియే. మొదటిదానికి వాటర్‌ఫాల్, అనగా జలపాత మార్గమని పేరు. రెండవదానికి ఎజైలు, అనగా చుఱుకైన మార్గమని పేరు.

జలపాత మార్గము

జలపాత మార్గమున పని మెట్లుమెట్లుగా దిగును. ఏమి కావలయునో మొదట పూర్తిగ వ్రాసికొందురు. పిదప దానిని విమర్శించి నిర్మాణ రూపమును గీయుదురు. ఆపైని ప్రోగ్రామును వ్రాయుదురు. తరువాత పరీక్షింతురు. కట్టకడపట వాడువారి చేతికిత్తురు. ఒక మెట్టు ముగిసి, పెద్దలు చేవ్రాలు చేసినగాని రెండవ మెట్టునకు దిగరాదు. నీరు క్రిందికి దూకునుగాని మీది కెక్కదు గదా! ఆ పోలికచేతనే యీ పేరు కలిగినది.

ఈ మార్గమునకు మూలపురుషుడని విన్‌స్టన్ రాయిస్ అను అమెరికా ఇంజనీరును చెప్పుదురు. ఆయన 1970లో ప్రకటించిన వ్యాసమున ఈ మెట్లను బొమ్మగ గీసి చూపెను. వింత యేమనగా, ఆ వ్యాసమున జలపాతమను మాటయే లేదు. అంతకుమించి, ఈ మెట్లను ఇట్లే యొకమాఱు దిగి పని ముగింపజూచుట ప్రమాదకరమని ఆయనయే హెచ్చరించెను. క్రొత్త పనియైనచో ముందొక నమూనాను చేసి చూచి, రెండవమాఱు చేసినదానినే వాడువారి కియ్యవలయుననియు, వాడువారిని మొదటినుండియు పనిలో కలుపుకొనవలయుననియు ఆయన సలహా. జలపాతమను పేరు 1976లో బెల్, థేయర్ అను నిరువురు వ్రాసిన వ్యాసమున కనబడుచున్నది. లోకము బొమ్మను చూచెనుగాని దానితోడి హెచ్చరికను చదువలేదు. 1985లో అమెరికా రక్షణశాఖ తన సాఫ్ట్‌వేరు పనులకొఱకు వెలువరించిన 2167 అను సంఖ్యగల నిబంధనావళి యీ మెట్ల వరుసను దాదాపు శాసనము చేసినట్లయ్యెను. ఆ పట్టును సడలించుటకై 1994లో వేఱొక నిబంధనావళిని తేవలసివచ్చెను. మూలమును చదువక మాటను మాత్రము పట్టుకొని దానిని ఆచారమనుట యన్ని దేశములయందును కలదన్నమాట.

ముందుగ నిర్ణయింపక తప్పని పనులు

ఇంతమాత్రముచే ఈ మార్గము పనికిరానిదని తలపరాదు. చంద్రమండలమునకు మనుష్యులను గొనిపోయిన అపొలో నౌకలలోని కంప్యూటరు కథను వినుడు. అందలి ముఖ్యమైన ప్రోగ్రాము సన్నని తీగెలతో అల్లబడియుండెను. చిన్న అయస్కాంత వలయము గుండ తీగె పోయినచో ఒకటి యని యర్థము. ప్రక్కగా పోయినచో సున్న యని యర్థము. ఇట్లల్లిన స్థిరస్మృతి యొక్క పరిమాణము 36,864 పదములు. మసాచుసెట్స్ రాష్ట్రమున వాల్‌థమ్ అను నూరియందలి రేథియాన్ సంస్థ కర్మాగారమున స్త్రీలు ఓపికతో కూర్చుండి యీ తీగెలను అల్లిరి. అల్లిక ముగిసిన పిమ్మట స్వల్పమైన మార్పు కావలసినను అది కష్టసాధ్యము. కావున ప్రయాణమునకు కొన్ని నెలల ముందే ప్రోగ్రామును ఖాయపఱచి అల్లికకు పంపుచుండిరి. ఆ ప్రోగ్రామును వ్రాసిన ఎం.ఐ.టి. బృందమునకు మార్గరెట్ హామిల్టన్ అను స్త్రీ నాయకత్వము వహించెనని వినుట మనకు సంతోషావహము.

మన పోచంపల్లి నేతయు నిట్టిదే. చీర నేయుటకు ముందే నూలును కట్లుకట్టి రంగులద్దుదురు. ఏ పోగున ఏ చోట ఏ రంగుండవలయునో మగ్గ మెక్కకముందే నిర్ణయము. నేత నడుమ పువ్వును హంసగ మార్చెదమన్నచో సాధ్యము కాదు. మార్పునకు వెల యెక్కువైనచోట ముందుచూపే శరణ్యము.

అమెరికావారి స్పేస్ షటిల్ నౌకలు ఇంకొక నిదర్శనము. 1996 నాటి వృత్తాంతమునుబట్టి ఆ నౌకల ప్రోగ్రాము సుమారు 4,20,000 పంక్తులు. అంతకుముందు వెలువడిన మూడు ప్రతులలో ఒక్కొక్కదానియందు దొరకిన తప్పు ఒక్కటే. నౌక జి.పి.ఎస్. సాయమున త్రోవ తెలిసికొనుటకై చేసిన యొక మార్పు 6,366 పంక్తులు మాత్రమే. దానికొఱకు ముందుగ వ్రాసికొన్న వివరణము 2,500 పుటలు! ప్రాణములు ఆధారపడియున్న చోట ఇట్టి జాగ్రత్తను అతిజాగ్రత్త యనరాదు. అయినను ఆ సాఫ్ట్‌వేరును తొలుత 1977 మొదలు 1980 వఱకు 31 నెలలలో 17 విడతలుగ నిర్మించిరను సంగతియు మఱువరాదు. ఇంత కట్టుదిట్టముగ వ్రాసికొనువారును ఒక్క దూకున దిగలేదు. ఆవకాయకును మూడవనాటి తిరుగగలుపు కలదు గదా!

దీని లోపము

జలపాత మార్గమునకు గల ముఖ్యమైన లోప మొక్కటే. కాని యది పెద్దది. ఏమి కావలయునో మొదటనే సంపూర్ణముగ తెలియునని అది నమ్మును. మనుష్యులకో, వస్తువును చూచినగాని తమకేమి కావలయునో తెలియదు. ఇల్లు కట్టించునప్పుడు పటముపై వంటగది విశాలముగనే కనబడును. పొయ్యి పెట్టి గిన్నెలు దించునప్పుడుగదా గట్టు చాలదని తెలియుట!

అమెరికా దేశపు నేరపరిశోధక సంస్థయగు ఎఫ్.బి.ఐ. వారికి కలిగిన యనుభవము ఇందుకు తార్కాణము. వారి విచారణ పత్రములు చాలవఱకు కాగితములపై నుండుటచే, వానిని కంప్యూటరున నడుపుటకై 2001లో ఒక గొప్ప పనిని ఆరంభించిరి.  ఆ యేటనే సెప్టెంబరు 11వ తేదీ దాడులు జరిగి, సంస్థయొక్క యవసరములే మాఱిపోయెను. ముందనుకొన్నది యొకటి, పిదప కావలసినది యొకటి. ఆ పిమ్మట కావలసినవానిని 800 పుటలకు మించి వ్రాసికొనిరి. పాతదానిని తీసివేసి క్రొత్తదానిని ఒక్కమాఱుగ పెట్టవలయునని తలచిరి. తుదకు 2005లో సుమారు 17 కోట్ల డాలర్లు వెచ్చించిన పిమ్మట ఆ పనిని విడిచిపెట్టిరి.

మఱుసటి యేట, అనగా 2006లో, సెంటినెల్ అను పేర మఱల ఆరంభించిరి. ఈమాఱు నాలుగు పెద్ద భాగములుగ విభజించిరి. 2010 ఆగస్టు నాటికి 45 కోట్ల 10 లక్షల డాలర్ల కేటాయింపులో 40 కోట్లకు మించి వ్యయమైనను, నాలుగు భాగములలో రెండే చేతికందినవి. అప్పుడు సంస్థవారు పనిని తమ చేతికే తీసికొని, చిన్న పరివారముతో, రెండేసి వారముల విడతలుగ ఎజైలు మార్గమున నడిపిరి. 2012 జూలై 1వ తేదీన అది వాడుకలోనికి వచ్చెను. మార్గము మార్చుట యొక్కటే దీనికి కారణమని చెప్పరాదు. పరివారము చిన్నదగుటయు, యజమానులు దగ్గఱనుండి చూచికొనుటయు తోడ్పడినవి. కాని ఆ రెండును ఎజైలు మార్గము కోరునవియే.

ఎజైలు మార్గము

2001 ఫిబ్రవరిలో అమెరికాయందలి యూటా రాష్ట్రమున, స్నోబర్డ్ అను మంచుకొండల విడిదియందు, సాఫ్ట్‌వేరు నిర్మాణమున ఆఱితేఱిన 17 మంది సమావేశమై యొక ప్రకటన వ్రాసిరి. ఆ పదునేడుగురిలో స్త్రీ యొక్కతెయు లేకుండుట గమనింపదగినది. వారి మత మిది: పద్ధతులకంటె, పనిముట్లకంటె మనుష్యులును వారి పరస్పర సంభాషణయు ముఖ్యము. విస్తారమైన పత్రములకంటె పనిచేయు సాఫ్ట్‌వేరు ముఖ్యము. ఒడంబడిక బేరములకంటె వాడువారితోడి సహకారము ముఖ్యము. ముందనుకొన్న ప్రణాళికను పట్టుకొని వ్రేలాడుటకంటె మార్పునకు తగినట్లు నడచుకొనుట ముఖ్యము. వీనిలో మొదట చెప్పినవానికిని విలువ కలదనియు, రెండవ వానికి విలువ యెక్కువ యనియు వారు స్పష్టముగ వ్రాసిరి. ఆ మాట మఱచినవారే పత్రములు వ్రాయనక్కఱలేదని చెప్పుచున్నారు.

ఈ మార్గమున స్క్రమ్ అను పద్ధతి మిక్కిలి వ్యాప్తినొందినది. జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ అనువారు దీనిని 1995లో లోకమునకు వివరించిరి. ఇందు పనిని స్ప్రింటులను విడతలుగ విభజింతురు. ఒక్కొక్క విడత నెలకు మించరాదు. పరివారము సామాన్యముగ పదిమందికి లోపు. ఏ పని ముందు, ఏది వెనుక యని నిర్ణయించునట్టి వ్యక్తి ప్రోడక్ట్ ఓనర్. పద్ధతి సరిగ నడచునట్లు చూచునట్టి వ్యక్తి స్క్రమ్ మాస్టర్. ప్రతిదినమును 15 నిమిషములు కూడి, నేటి పనిని నిర్ణయించుకొందురు. మనవారు స్టాండప్పు అనునది యిదియే. విడత ముగియగానే చేసినదానిని వాడువారికి చూపి వారి మాట వినుటయు, తమ పనితీరులోని మంచిచెడ్డలను తాము విమర్శించుకొనుటయు కలదు.

ప్రణాళిక లేకుండుటయే ఎజైలని కొందఱు తలతురు. అది సరికాదు. మన యష్టావధానమును చూడుడు. నిషిద్ధాక్షరి నడుగు పృచ్ఛకుడు ఒక్కొక్క యక్షరమునకు పిమ్మట రాగూడని యక్షరమును చెప్పుచుండును. అవధాని పద్యమును ముందుగ అల్లుకొని రాలేడు. సమస్యయు, దత్తపదియు ఆవృత్తికొక పాదముగ సాగును. నడుమ అప్రస్తుతప్రసంగి యడ్డు తగులుచుండును. అయినను గణము తప్పదు, యతిప్రాసలు తప్పవు. ఏలయన ఛందస్సు ఆయనకు ముందుగనే వశమైయున్నది. ఎజైలు పనివారికిని అట్టి ఛందస్సు కావలయును. చేసిన ప్రతి మార్పును వెంటనే పరీక్షించు ఏర్పాటును, అందఱి పనిని దినదినమును ఒక్కటిగ కూర్చు నభ్యాసమును లేనివారు విడతలు విడతలుగ పనిచేసినచో విడత విడతకును తప్పులు పేరుకొనును.

దీనికిని లోపములు లేకపోలేదు. పని యెప్పుడు ముగియునో, మొత్తము వెల యెంతయగునో ముందుగ చెప్పుట కష్టము. వాడువారు మాటిమాటికి వచ్చి చూచి చెప్పనిచో మార్గమే నిలువదు. వ్రాతప్రతులు తక్కువైనచో, పనివారు మాఱినప్పుడు క్రొత్తవారికి ఏమియు తెలియదు. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అను ఎజైలు పద్ధతి పుట్టిన పనియే చూడుడు. క్రైస్లర్ కార్ల సంస్థయొక్క జీతముల సాఫ్ట్‌వేరది. 1997లో కొంతమంది యుద్యోగులకు జీతముల నిచ్చుటవఱకు వచ్చెనుగాని, ఉద్యోగులందఱికిని చేరకమునుపే 2000లో నిలిపివేయబడెను. పద్ధతికి లోకమున కీర్తి వచ్చెను. పని మాత్రము పూర్తి కాలేదు.

జీతముల మాట వచ్చినది గనుక ఇంకొక కథ చెప్పవలసియున్నది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు రాష్ట్ర ఆరోగ్యశాఖవారు 2010 మార్చిలో, సుమారు 78,000 మంది యుద్యోగులకు జీతములు లెక్కించు క్రొత్త సాఫ్ట్‌వేరును ఒక్కమాఱుగ ప్రవేశపెట్టిరి. రాత్రింబవళ్లు రోగులను సేవించు నర్సులలోను, తక్కినవారిలోను కొందఱికి జీతమే రాలేదు. కొందఱికి తక్కువ వచ్చెను. కొందఱికి ఎక్కువ వచ్చి, పిదప దానిని తిరిగి కట్టవలసివచ్చెను. దానిని సరిదిద్దుటకును నడుపుటకును మొత్తము 120 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల వఱకు వ్యయమగునని అంచనా వేసిరి. 2013లో విచారణ సంఘము నివేదిక నిచ్చెను. ఏమి కావలయునో మొదట సరిగ తేల్చుకొనలేదు. తప్పులున్నవని తెలిసియు ప్రవేశపెట్టిరి. జలపాత మార్గమున కావలసిన ముందుచూపును లేదు, ఎజైలు మార్గమున కావలసిన చవిచూచుటయు లేదు. నెలజీతముపై బియ్యము, పాలు, బిడ్డల ఫీజు ఆధారపడియున్న యిల్లాలికి ఆ నష్టమెట్టిదో వేఱుగ చెప్పనేల?

ఎన్నుకొనుట యెట్లు?

కావున పని చేయించువారు ముందుగ కొన్ని ప్రశ్నలు వేసికొనవలయును.

మొదటిది: మనకేమి కావలయునో మనకు నిశ్చయముగ తెలియునా? చట్టముచే నిర్ణయమైన పన్ను లెక్కవలె మాఱనిదైనచో ముందుగ వ్రాసికొని చేయించుట మేలు. ఇంతకుముందు ఎవ్వరును చేయనిదైనచో విడతలుగ చేయించుట మేలు.

రెండవది: పిదప మార్చుటకు ఎంత వ్యయమగును? ఫోనునందలి యొక తెరను రేపు మార్చవచ్చును. రోగి గుండెయొద్ద అమర్చు యంత్రమును అట్లు మార్చరాదు.

మూడవది: తప్పు జరిగినచో పోవునదేమి? ప్రాణమా, ధనమా, కొంచెము కాలమా? ప్రాణమైనచో వ్రాతయు, పరీక్షయు, సాక్ష్యమును సంపూర్ణముగ నుండవలయును.

నాలుగవది: వాడువారు దగ్గఱనున్నారా? రెండు వారములకొకమాఱు వచ్చి చూచి, నిర్భయముగ బాగులేదని చెప్పగలవారు లేనిచోట ఎజైలు పేరునకు మాత్రమే యుండును.

ఐదవది: పనిని ముక్కలుగ అందుకొని వాడుకొనవచ్చునా? సగము వంతెన యెవ్వరికిని పనికిరాదు. లెక్కల పుస్తకములో హాజరుపట్టీ యొక్కటి వచ్చినను పనికివచ్చును.

ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానములు అన్నియు ఒకే దిక్కు చూపవు. అందుచే ననుభవజ్ఞులు రెండు మార్గములను కలిపి నడతురు. మొత్తపు రూపమును, భాగముల సరిహద్దులను ముందుగ నిర్ణయించి, ఒక్కొక్క భాగమును విడతలుగ చేయుదురు. మన యాంధ్ర మహాభారతమును తలచుకొనుడు. నన్నయభట్టు 11వ శతాబ్దమున ఆరంభించి, అరణ్యపర్వము నడుమ విడిచెను. తిక్కన 13వ శతాబ్దమున ఆ నడుమ భాగమును ముట్టక విరాటపర్వము మొదలు కడవఱకు రచించెను. ఎఱ్ఱన పిదప అరణ్యపర్వ శేషమును పూరించెను. ముగ్గురు కవులు, మూడు కాలములు. అయినను కథ తెగలేదు. ఏలయన సంస్కృత మూలముచే కథయంతయు ముందుగనే స్థిరపడియున్నది; పర్వముల సరిహద్దులు స్పష్టముగ నున్నవి. నన్నయగారి రెండున్నర పర్వములు తక్కినవి రాకమునుపే చదువరులకు పనికివచ్చినవి. మొత్తము తెలిసి, భాగములుగ అందించుట యననిదియే.

సంఘములవారికి నాలుగు మాటలు

మా యెఱుకలో నొక పాఠశాల కలదు. అచ్చటివారు హాజరును, ఫీజులను, మార్కులను లెక్కించు సాఫ్ట్‌వేరును చేయించుకొనిరి. కావలసినవన్నియు ఒక కాగితముపై వ్రాసి, సగము సొమ్మిచ్చి, ఆఱు నెలలు వేచియుండిరి. వచ్చిన పిమ్మట చూడగా, నడియేట చేరు బిడ్డను నమోదు చేయుటకు దానిలో తావు లేదు. “మీరు వ్రాసియియ్యలేదు” అని వారు, “ఇది చెప్పవలయునా?” అని వీరు. తండ్రికి బదిలీ యగుటచే డిసెంబరులో చేరిన బిడ్డల పేర్లను ఉపాధ్యాయులు ఆ యేడంతయు చేతితోనే వ్రాసిరి. మొదటి నెలలోనే హాజరుపట్టీ నొక్కదానిని చేయించి, ఒక తరగతిలో వాడిచూచియుండినచో ఆ కొఱత ఆనాడే బయటపడియుండును.

కావున, సోదరీమణులారా, మీ సంఘమునకు సాఫ్ట్‌వేరు చేయింపవలసివచ్చినచో మొత్తపు పని నొక్క యొడంబడికలో పెట్టకుడు. ముందొక చిన్న భాగమునకు వెలకట్టి, దానిని చేతికందుకొని, వాడిచూచిన పిమ్మటనే సొమ్మిచ్చి, తరువాతి భాగమునకు పొండు. నచ్చనిచో ఆ చోటనే యాపుకొను హక్కును వ్రాయించుకొనుడు. ప్రోగ్రాము ప్రతియు, మీ సభ్యురాండ్ర లెక్కలును, తాళపుమాటలును మీ యధీనమున నుండవలయును. మీ తరపున నిర్ణయము చెప్పుటకు ఒక్కరిని నియమింపుడు. పదిమంది పదివిధముల చెప్పినచో పనివారు నలిగిపోవుదురు. ఆ యొక్కరు లెక్క వ్రాయునామెయైనచో మఱియు మంచిది. అధ్యక్షురాలికి తెలియని చిక్కులు ఆమెకు తెలియును.

ఇంటివారికి నాలుగు మాటలు

ఇక మన యిండ్ల సంగతి. హైదరాబాదున సైబర్ టవర్స్ ఆరంభమైన 1998 నాటి కాలమున, పరదేశమువారు కావలసినది వ్రాసి పంపగా, మనవారు పగటివేళ చేసి పంపుట యెక్కువ. ఎజైలు మార్గము వ్రాతకంటె మాటను ప్రధానముగ నెంచును. అమెరికావారితో మాటలాడవలయునన్నచో వారి పగలు మన రాత్రి. న్యూయార్కున ఉదయము 10 గంటలైనప్పుడు మనకు చలికాలమున రాత్రి 8-30. కాలిఫోర్నియాలో ఉదయము 9 గంటలైనప్పుడు మనకు రాత్రి 10-30. ఇట్లు స్నోబర్డ్ కొండపై వ్రాసిన యొక వాక్యము మన భోజనపు వేళను మార్చినది.

ఈ మార్పు కొడుకునకంటె కోడలికే యెక్కువ భారము. ఆతడు తలుపు వేసికొని మాటలాడుచుండగా ఇంటిల్లిపాదియు శబ్దము చేయకుందురు. ఆమె మాటలాడుచుండగా బిడ్డ పాలకేడ్చును, అత్తగారు కంచముల మాట యడుగుదురు. ఆ పదునేను నిమిషములలో ఆమె తన పనినిగూర్చి తడబడినచో దాని ఫలము ఆమె యుద్యోగముపై బడును. కావున స్టాండప్పు వేళను పూజవేళవలె పాటించుట యింటి పెద్దలకు ధర్మము.

ఉద్యోగము చేయు మన బిడ్డలకును ఒక మాట. అలసిపోవుట ఎజైలు మార్గములోని భాగమని యెవ్వరైన చెప్పినచో నమ్మకుడు. పనిచేయువారు ఎల్లకాలము నిలుపుకొనగల వేగముతోనే పని నడువవలయునని ఆ స్నోబర్డ్ సూత్రములలోనే కలదు. కెంట్ బెక్ అనునాయన 1999లో ప్రకటించిన తన గ్రంథమున వారమునకు 40 గంటల పనిని ఒక నియమముగనే చెప్పెను. స్ప్రింటు వెనుక స్ప్రింటుగ రాత్రులు మేలుకొలుపు యజమాని ఎజైలును ఆచరించుట లేదు. దాని పేరు చెప్పుకొనుచున్నాడు. విడత చివర జరుగు విమర్శలో ఈ మాట చెప్పుటకు మీకు హక్కు కలదు.

మార్గమేదైనను ఆదియందు కొంత యాలోచనయు, నడుమ పలుమాఱులు చవిచూచుటయు, తుదిని వడ్డించుటకు ముందు పరీక్షయు తప్పవు. ఎంత ముందుగ నాలోచింపవలయును, ఎన్నిమాఱులు చవిచూడవలయును అనునది చేయు వస్తువునుబట్టియు, తినువారినిబట్టియు నుండును. ఇది దినదినమును నిర్ణయించు నలవాటు మనకున్నది. ఆ తెలివిని వంటయింటితో నిలుపక, సంఘపు సభలోనికిని, ఒడంబడికపై చేవ్రాలు చేయు బల్లయొద్దకును గొనిపోవుడు. తెలియని మాట వినబడినచో దాని యర్థమడుగుటకు సంకోచింపకుడు.